దుంగల ఇంటికి ప్రెషర్ వాషర్ పెట్టే ముందు

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికాలో అట్లాంటా, షార్లెట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్ వచ్చిందంటే టెనెస్సీలోని స్మోకీ మౌంటెన్స్‌కి బయల్దేరతారు. గాట్లిన్‌బర్గ్, పిజన్ ఫోర్జ్ కొండల్లో దుంగలతో కట్టిన క్యాబిన్ అద్దెకు తీసుకుని రెండు మూడు కుటుంబాలు కలిసి దిగుతాయి. ఆ ఇళ్లు నచ్చి సొంతంగా కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. దుంగ మీద దుంగ పేర్చి ఇల్లు కట్టే పద్ధతిని 17వ శతాబ్దంలో స్వీడన్, ఫిన్లాండ్ల నుంచి డెలావేర్ లోయకు వలస వచ్చినవాళ్లు అమెరికాకి తెచ్చారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటాయో, ఆ ఇళ్లను కాపాడుకోవడం అంత పని.

వాటికి సిమెంటు పూత ఉండదు. పైన్ దుంగో, సెడార్ దుంగో, అదే గోడ. చెక్కలో పీచును పట్టి ఉంచే బంక లాంటి పదార్థం లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని చెడగొడతాయి, చెక్క బూడిద రంగుకు తిరుగుతుంది. అందుకే పైన స్టెయిన్ అనే రక్షణ పూత పూస్తారు. అదీ కొన్నేళ్లే. ఎండ ఎక్కువగా పడే దక్షిణం, పడమర గోడల మీద ముందు పోతుంది. గోడ మీద కాసిని నీళ్లు చల్లి చూడండి. బొట్లు బొట్లుగా నిలిచి జారిపోతే పూత ఇంకా పనిచేస్తున్నట్టే. చెక్క నీళ్లు తాగేస్తుంటే మాత్రం పని మొదలుపెట్టాలి.

పాత స్టెయిన్ పెచ్చులు పెచ్చులుగా లేస్తుంటే కొత్తది దాని మీద వేసి లాభం లేదు, తీసేయాల్సిందే. అప్పుడు చాలామంది చెయ్యి ప్రెషర్ వాషర్ మీదికి పోతుంది. మన ఊళ్లలో బైకులకి వాటర్ సర్వీసింగ్ చేసే చోట చూస్తామే, అదే గన్ను. ఒత్తిడిని పీఎస్‌ఐల్లో కొలుస్తారు, కారు టైర్లో గాలి సుమారు 32 పీఎస్‌ఐ ఉంటుంది. ఈ వాషర్లు 2000, 3000 పీఎస్‌ఐ దాకా కొడతాయి. బురద పట్టిన ఇనుముకి అది బాగానే ఉంటుంది, పైన్ చెక్కకి కాదు. పైన్ దుంగలో ఏడాదికో వలయం పెరుగుతుంది. అందులో వసంతంలో పెరిగింది మెత్తన, వేసవిలో పెరిగింది గట్టి. నీటి ధార మెత్తనిదాన్ని తవ్వేస్తుంది, గట్టిది గీతల్లా మిగిలిపోతుంది. ఆరిన తర్వాత చేత్తో నిమిరితే మిట్టపల్లాలు తెలుస్తాయి, లేచిన పీచు వేళ్లకు గుచ్చుకుంటుంది. ఇక దాన్ని ఉప్పుకాగితం పెట్టి రుద్దుకుంటూ కూర్చోవాలి. అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనపడనిది. దుంగల నెర్రెల్లోకి, కిటికీ ఫ్రేముల సందుల్లోకి, దుంగల మధ్య పూడ్చిన చింకింగ్ వెనక్కి నీళ్లు దూరిపోతాయి. లోపల తడి నిలిస్తే చెక్క పుచ్చుతుంది.

కాబట్టి పూత ఊడదీసే పని మందుది, కడిగే పని మాత్రమే నీళ్లది. స్ట్రిప్పర్ అనే ఆ మందును గోడకి కింది నుంచి పైకి పూసుకుంటూ పోవాలి. పై నుంచి మొదలుపెడితే కారిన చారలు కింద మచ్చలై మిగులుతాయి. ఆరనివ్వకుండా డబ్బా మీద రాసిన సమయం ఉంచి కడగాలి. వెయ్యి పీఎస్‌ఐకి మించకుండా, ధారను విసనకర్రలా విప్పే 25 లేదా 40 డిగ్రీల నాజిల్ పెట్టి, అడుగు దూరం నుంచి దుంగ పొడవునా కొట్టాలి. సున్నా డిగ్రీల నాజిల్ జోలికి అసలు పోవద్దు. చుట్టూ ఉన్న మొక్కల్ని ముందే బాగా తడిపి ఉంచండి. ఇల్లు 1978కి ముందుదై పాత రంగు ఉంటే అందులో సీసం ఉండే అవకాశం ఉంది, ముందు పరీక్ష చేయించండి.

చాలామంది ఎగ్గొట్టేది ఆ తర్వాతి మెట్టు. స్ట్రిప్పర్లలో చాలావాటికి క్షార గుణం ఉంటుంది. కడిగాక చెక్క నల్లబడుతుంది. అది చూసి పని చెడిందని టెన్షన్ పడక్కర్లేదు. ఆక్సాలిక్ యాసిడో, సిట్రిక్ యాసిడో కలిపిన బ్రైట్‌నర్ కొడితే కొద్ది నిమిషాల్లోనే చెక్క లేత రంగుకు తిరిగొస్తుంది. రంగు కోసమే కాదు, క్షారం మిగిలితే కొత్త స్టెయిన్ సరిగా పట్టదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బూజుకి వాడే బ్లీచ్‌ని ఈ యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువైన క్లోరిన్ వస్తుంది.

నీళ్లే వద్దనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. గింజలు ఒలిచాక మిగిలిన మొక్కజొన్న బెండుని నూకలా ఆడించి, గాలి ఒత్తిడితో గోడకి కొడతారు. దుమ్ము విపరీతంగా లేస్తుంది, కానీ చెక్క తడవదు.

కడిగిన ఇల్లు పైకి ఆరినట్టు కనబడినా లోపల తడి ఉంటుంది. చెక్కలో తడిని కొలిచే మాయిశ్చర్ మీటర్ పెట్టి గోడ గోడకీ చూడాలి. 15 శాతం దగ్గరికి దిగితే నిశ్చింత. నీడపట్టున ఉండే ఉత్తరం గోడకి ఎక్కువ రోజులు పడుతుంది. అలాగని నెలలు వదిలేసినా ఎండ మళ్లీ తన పని మొదలుపెడుతుంది. చెదలకీ పుచ్చుకీ పనికొచ్చే బోరేట్ మందు పూత లేని చెక్కలోకే ఇంకుతుంది కాబట్టి, స్టెయిన్‌కి ముందు దాన్ని వేయడానికి ఇదే సమయం. ఆకాశం వైపు తెరుచుకున్న నెర్రెల్లో వాన నీళ్లు నిలుస్తాయి, వాటినీ ఇప్పుడే పూడ్చాలి.

పని కాంట్రాక్టుకి ఇస్తుంటే కడగడానికీ స్టెయిన్ వేయడానికీ మధ్య ఎన్ని రోజులు వదులుతారో అడగండి. మీటర్ చూసి చెప్తానన్నవాళ్లకే ఇవ్వండి.

నమస్కారం.