ఉక్రెయిన్ యుద్ధం ఎవరు మొదలుపెట్టారు? తేదీలు దగ్గర పెట్టుకుని చూద్దాం

[తెర మీద: 2025 ఫిబ్రవరి 18, మార్-ఎ-లాగో, ఫ్లోరిడా]

ఆ రోజు ట్రంప్ విలేకరులతో మాట్లాడుతూ ఉక్రెయిన్‌ను ఉద్దేశించి ఓ మాటన్నారు. మీరసలు దాన్ని మొదలుపెట్టి ఉండకూడదు, ఒప్పందం చేసుకుని ఉండొచ్చు అని. 'దాన్ని' అంటే యుద్ధాన్ని. యుద్ధం మొదలుపెట్టింది ఉక్రెయినేనని అప్పటిదాకా ఫార్వర్డ్ మెసేజుల్లో తిరుగుతున్న వాదనకి దాంతో రాజముద్ర పడినట్టయింది.

[తెర మీద: 2022 ఫిబ్రవరి 24]

జరిగింది ఇదీ. ఆ తెల్లవారుజామున పుతిన్ టీవీలో కనిపించి 'ప్రత్యేక సైనిక చర్య' ప్రకటించారు. కాసేపటికే కీవ్, ఖార్కివ్ మీద క్షిపణులు పడ్డాయి. ఉత్తరాన బెలారస్ నుంచి, తూర్పున రష్యా నుంచి, దక్షిణాన క్రిమియా నుంచి రష్యా ట్యాంకులు ఉక్రెయిన్‌లోకి వచ్చాయి. అదే సమయానికి న్యూయార్క్‌లో భద్రతా మండలి అత్యవసరంగా సమావేశమై ఉంది. మీ సేనల్ని ఆపండి అని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ పుతిన్‌ని పేరు పెట్టి అడిగారు. విచిత్రం ఏమిటంటే, ఆ నెల మండలికి అధ్యక్ష స్థానంలో ఉన్నది రష్యానే.

సరిహద్దు దాటింది ఎవరన్నదాంట్లో గొడవే లేదు, దాటినాయనే టీవీలో చెప్పాడు. అందుకే తప్పుడు ప్రచారం ఈ తేదీ జోలికి రాదు. "అవును, దాటారు. కానీ అంతకుముందు ఏం జరిగిందో తెలుసా?" అని మొదలుపెడుతుంది. యుద్ధం మొదలైన రోజుని మెల్లగా వెనక్కి జరుపుకుంటూ పోతుంది. ఎంత వెనక్కి జరిపితే తప్పు అవతలివాడి మీద అంత బాగా పడుతుంది. ఇందులో అన్నిటికంటే బలంగా వినిపించేది తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్ ప్రాంతం గురించిన వాదన కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

[తెర మీద: "8 ఏళ్లు డాన్‌బాస్ మీద బాంబులు. 14,000 మంది రష్యన్ భాషీయుల నరమేధం."]

14,000 అన్న అంకె ఎవరూ గాల్లోంచి పుట్టించలేదు. అది ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం లెక్క. 2014 ఏప్రిల్ నుంచి 2021 చివరి దాకా తూర్పు ఉక్రెయిన్‌లో మొత్తం 14,200 నుంచి 14,400 మంది చనిపోయారని వాళ్ల అంచనా. కానీ ఆ అంకెని విప్పి చూడాలి. అందులో సుమారు 6,500 మంది వేర్పాటువాద సాయుధులు, అంటే ఉక్రెయిన్ నుంచి విడిపోవాలని రష్యా అండతో పోరాడినవాళ్లు. సుమారు 4,400 మంది ఉక్రెయిన్ సైనికులు. అంటే ఉక్రెయిన్ చంపిందని చెప్పే లెక్కలో ఉక్రెయిన్ వాళ్ల శవాల్నే కలిపేశారన్నమాట! సాధారణ పౌరులు కనీసం 3,404 మంది. వీళ్లలో 298 మంది 2014 జులై 17న కూల్చేసిన మలేసియా విమానంలోని వాళ్లు. ఆ కేసులో నెదర్లాండ్స్ కోర్టు 2022లో దోషులుగా తేల్చిన ముగ్గురూ వేర్పాటువాదుల పక్షాన పనిచేసినవాళ్లే.

[తెర మీద: ఏడాదివారీ పౌర మరణాలు]

ఇప్పుడు ఈ పట్టిక చూడండి. 2014లో 2,084 మంది పౌరులు. 2015లో 955. 2016లో 112. 2018కి 58. 2021లో 25 మంది, అందులోనూ దాదాపు సగం మంది మందుపాతరలు, పేలకుండా మిగిలిపోయిన గుండ్ల వల్ల పోయినవాళ్లు. ఒక్క ప్రాణమైనా ప్రాణమే. ఉక్రెయిన్ సైన్యం పేల్చిన గుండ్లకి అవతలి వైపు పౌరులు చనిపోయారన్నదీ నిజమే, ఐక్యరాజ్యసమితి నివేదికల్లోనే అది ఉంది, దాన్ని దాచేవాళ్లని నేను నమ్మను. కానీ ఏడేళ్లుగా తగ్గుతూ వచ్చిన మరణాల్ని ఆపడానికని చెప్పి దండెత్తితే ఏమైంది? మొదటి ఏడాదిలోనే ఐక్యరాజ్యసమితి నిర్ధారించగలిగిన పౌర మరణాలు 8,000 దాటాయి.

ఇంకాస్త వెనక్కి, 2014కే వెళ్దాం అంటారా? పదండి. ఆ ఏప్రిల్‌లో స్లోవియాన్స్క్ పట్టణాన్ని స్వాధీనం చేసుకున్న సాయుధ ముఠా నాయకుడు ఇగోర్ గిర్కిన్. రష్యా గూఢచార సంస్థలో పనిచేసి వచ్చిన మనిషి, రష్యా పౌరుడు. యుద్ధం ట్రిగ్గర్ నొక్కింది నేనేనని అదే ఏడాది నవంబర్‌లో ఒక రష్యన్ పత్రికకి ఆయనే చెప్పుకున్నాడు. క్రిమియా సంగతీ అంతే. ఉక్రెయిన్‌కి చెందిన ఆ ద్వీపకల్పాన్ని ఆక్రమించిన, బ్యాడ్జీలు లేని సైనికులు స్థానిక రక్షణ దళాల వాళ్లని 2014 మార్చిలో చెప్పిన పుతిన్, ఏప్రిల్ వచ్చేసరికి మా సైనికులే వాళ్ల వెనక నిలబడ్డారని ఒప్పుకున్నారు.

నరమేధం మాట కోర్టు దాకా కూడా వెళ్లింది. 2022 మార్చి 16న అంతర్జాతీయ న్యాయస్థానం, ఆ ఆరోపణకి ఆధారం మా ముందు కనిపించడం లేదంటూ సైనిక చర్య వెంటనే ఆపాలని రష్యాని ఆదేశించింది. పదమూడు మంది జడ్జీలు అవునన్నారు. ఇద్దరు కాదన్నారు, ఒకరు రష్యా, ఒకరు చైనా. అవునన్న పదమూడు మందిలో మన దేశానికి చెందిన జస్టిస్ దల్వీర్ భండారీ ఉన్నారు.

[తెర మీద: 2022 ఫిబ్రవరి 18, రెండు టెలిగ్రామ్ వీడియోలు]

నాకు మటుకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే ఆధారం ఇది. దండయాత్రకి ఆరు రోజుల ముందు డాన్‌బాస్‌లోని దొనెట్స్క్, లుహాన్స్క్ ప్రాంతాల వేర్పాటువాద నాయకులు ఇద్దరూ వీడియోలు పెట్టారు. ఉక్రెయిన్ దాడికి సిద్ధమవుతోంది, ఆడవాళ్లని, పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటనే రష్యాకి తరలిస్తున్నాం అని. "ఈ రోజు, ఫిబ్రవరి 18" అంటూ తేదీ కూడా పలికాడు అందులో ఒకాయన. ఆ ఫైళ్లు విప్పి చూసినవాళ్లకి మెటాడేటాలో, అంటే ఫైల్ ఎప్పుడు తయారైందో చెప్పే సమాచారంలో, కనిపించిన తేదీ ఫిబ్రవరి 16. అంటే హఠాత్తుగా ముంచుకొచ్చిన ప్రమాదాన్ని రెండు రోజుల ముందే షూట్ చేసి పెట్టుకున్నారు!

ఇక నాటో, అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి. అది ఉక్రెయిన్‌ని చేర్చుకోబోవడమే రష్యాని రెచ్చగొట్టిందన్నది వాదన. ఇది పూర్తిగా అబద్ధాల మీద కట్టిన వాదన కాదు, అందుకే జాగ్రత్తగా చూడాలి. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్‌లో జరిగిన సదస్సులో ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా సభ్యులవుతాయని నాటో ప్రకటించింది. ఎప్పుడు, ఎలా అన్నది చెప్పలేదు. రష్యాకి కోపం వచ్చింది. అది తెలివితక్కువ ప్రకటన అని పశ్చిమ దేశాల్లోనే చాలామంది పండితులు అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ 2010లో ఏ కూటమిలోనూ చేరం అని ఉక్రెయిన్ చట్టం చేసుకుంది. 2014లో క్రిమియాని లాక్కున్నప్పుడు ఆ చట్టం అమల్లోనే ఉంది. దాన్ని ఎత్తేసింది ఆ ఏడాది డిసెంబర్‌లో, దెబ్బ తిన్నాక. మరోపక్క ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న నాటోలో చేరింది. రష్యాతో దానికి 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది. దాని మీద ఎవరూ దండెత్తలేదు.

పోనీ, రష్యా భయాలన్నీ నిజమేనని ఒప్పుకుందాం. అప్పుడైనా బాధ్యత చేతులు మారుతుందా? ఒక దేశం ఎందుకు కోపంగా ఉందో అర్థం చేసుకోవడం చరిత్రకారుడి పని. పక్క దేశంలోకి సైన్యాన్ని ఎవరు పంపారన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలిపేస్తేనే "రెండు చేతులు కలిస్తేనే కదా చప్పట్లు" అనే మాట నోటికి తేలిగ్గా వచ్చేస్తుంది. 1974లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ దురాక్రమణకి నిర్వచనం రాసుకున్నప్పుడు ఈ సాకుల్ని ముందే ఊహించింది. రాజకీయం గానీ, ఆర్థికం గానీ, సైనికం గానీ, ఏ కారణమూ దురాక్రమణకి సమర్థన కాదని అందులో స్పష్టంగా ఉంది.

ఇంకో సంగతి. ఇలాంటి నిర్వచనం కోసం 1930ల్లో అందరికంటే గట్టిగా పట్టుబట్టింది సోవియట్ యూనియన్. 1933లో లండన్‌లో పొరుగు దేశాలతో చేసుకున్న ఒప్పందంలో, అవతలి దేశంలో విప్లవం వచ్చింది, పాలన బాలేదు, అంతర్యుద్ధం జరుగుతోంది లాంటివి దాడికి సాకులు కావని రాయించింది. తర్వాత ఫిన్లాండ్ కూడా ఆ ఒప్పందంలో చేరింది. 1939 నవంబర్ 26న మైనిలా అనే సోవియట్ సరిహద్దు గ్రామం మీద గుండ్లు పడ్డాయి. ఫిన్లాండే పేల్చిందని మాస్కో ప్రకటించింది. నాలుగు రోజుల తర్వాత ఎర్రసైన్యం ఫిన్లాండ్‌లోకి దిగింది. ఆ గుండ్లు ఫిన్లాండ్‌వి కావని తర్వాత చరిత్రకారులు తేల్చారు.

"మరి అమెరికా ఇరాక్‌కి చేసిందేమిటి?" కామెంట్లలో ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. 2003లో సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని చెప్పి ఇరాక్ మీద పడ్డారు, ఆయుధాలు దొరకలేదు. ఆ యుద్ధం ఐక్యరాజ్యసమితి నియమావళికి విరుద్ధమని నాటి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2004లో అన్నారు. నేనూ అదే అంటాను. ఇరాక్ విషయంలో బుష్‌ని తప్పుపట్టినవాళ్లు అదే కొలతతో పుతిన్‌ని కొలవడానికి ఎందుకు ఇబ్బంది పడాలి?

ఉక్రెయిన్ వైపు నుంచీ కట్టుకథలు వచ్చాయి. ఒంటరిగా శత్రు విమానాల్ని కూల్చేస్తున్నాడన్న 'కీవ్ దెయ్యం' పైలట్ నిజం కాదని 2022 ఏప్రిల్ 30న వాళ్ల వైమానిక దళమే చెప్పింది. అతని వీడియో అంటూ తిరిగినది ఒక కంప్యూటర్ గేమ్‌లోది. ఇలాంటివి బయటపడినప్పుడు "చూశారా, అంతా అబద్ధమే" అనేవాళ్లు తయారవుతారు. పైలట్ కథ అబద్ధమైనంత మాత్రాన బెలారస్ నుంచి వచ్చిన ట్యాంకులు అబద్ధమైపోవు.

2022 మార్చి 2న సాధారణ సభలో 141 దేశాలు ఈ దండయాత్రని ఖండించాయి, 5 వ్యతిరేకించాయి, 35 ఓటింగ్‌కి దూరంగా ఉన్నాయి. దూరంగా ఉన్నవాటిలో భారత్ ఒకటి. దీన్ని చూపించి భారత్ రష్యాని సమర్థించిందని రాసే పోస్టులు చాలా కనిపిస్తాయి. దేశాల సార్వభౌమత్వాన్ని, ప్రాదేశిక సమగ్రతని గౌరవించాలని భారత్ ఆ సభలోనే చెప్పింది. సమర్థించాలనుకుంటే ఆ అయిదు దేశాల పక్కన ఓటు వేసి ఉండేది.

[తెర మీద: 2025 జూన్ 25, స్ట్రాస్‌బర్గ్]

చివరిగా చట్టం ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాను. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2023 మార్చి 17న పుతిన్‌పై వారెంటు ఇచ్చింది గానీ, అది పిల్లల్ని అక్రమంగా తరలించిన కేసులో. దురాక్రమణ నేరం మీద రష్యా నాయకుల్ని విచారించే అధికారం ఆ కోర్టుకి లేదు. రష్యా అందులో సభ్యదేశం కాదు, భద్రతా మండలి ద్వారా పంపాలంటే అక్కడ రష్యాకి వీటో ఉంది. ఆ ఖాళీని పూరించడానికే ప్రత్యేక ట్రిబ్యునల్ ఏర్పాటుకి ఉక్రెయిన్, యూరప్ కౌన్సిల్ స్ట్రాస్‌బర్గ్‌లో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అది విచారించబోయేది ఒకే ఒక్క నేరాన్ని: దురాక్రమణ. కాకపోతే పదవిలో ఉన్నంతకాలం దేశాధ్యక్షుడికి రక్షణ ఉంటుంది కాబట్టి, పుతిన్ కుర్చీ దిగేదాకా ఆయన్ని బోనెక్కించడం కుదరదు.