ఇటుక విసిరే ఎలుక

శ్రోతలకు నమస్కారం.

మాట్లాడే జంతువులు మనకు కొత్త కాదు. చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుడనే పావురాల రాజు, హిరణ్యకుడనే ఎలుక ఎంత మర్యాదగా మాట్లాడుకుంటారో చదువుకున్నాం. కాకపోతే వాళ్లు మాటల్లోనే మనుషులు. జంతువుకు చొక్కా తొడిగి, బూట్లు వేసి, వీధిలో నడిపించినవి పాత పత్రికల బొమ్మల కథలు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేసేటప్పుడు అలాంటిదొకటి చేతికి తగిలితే మాత్రం వదలకండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది జార్జ్ హెరిమన్ గీసిన 'క్రేజీ క్యాట్'. 1913లో మొదలై 1944లో ఆయన పోయేదాకా అమెరికా పత్రికల్లో వచ్చింది. అందులో పిల్లికి ఎలుకంటే ప్రాణం. ఇగ్నాట్జ్ అనే ఆ ఎలుకకేమో పిల్లిని చూస్తే ఒళ్లుమంట. కనబడితే చాలు, ఇటుక పెట్టి కొడుతుంది. తల మీద దెబ్బ పడగానే పిల్లి, ఇదంతా తన మీద ప్రేమేనని మురిసిపోతుంది! పోలీసు కుక్కకు ఆ పిల్లంటే ఇష్టం, అందుకని ఎలుకను పట్టుకెళ్లి జైల్లో పెడుతుంది. 30 ఏళ్లు ఇదే కథ. అయినా విసుగు రాదు. ఆ ఎలుకను చూడండి: పుల్లల్లాంటి కాళ్లు చేతులు, ఒంటికి మించిన కోపం. వెనకాల చూస్తే, ఒక గడిలో కొండ ఉన్నచోట పక్క గడిలో చెట్టు ఉంటుంది. పాత్రలు అదేం పట్టించుకోకుండా కబుర్లు చెప్పుకుంటూనే ఉంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ ధైర్యం అబ్బురమే.

ఇంగ్లండులో 1920లో మేరీ టూర్టెల్ మొదలుపెట్టిన రూపర్ట్ అనే ఎలుగుబంటి పిల్లది వేరే తీరు. ఎర్ర స్వెట్టర్, పసుపు గళ్ల ప్యాంటు. ముఖం ఎలుగుబంటిది, చేతులు మనిషి పిల్లాడివి.

మనిషి ముఖం గీస్తే అతనిది ఏ దేశమో, వయసెంతో మనకు ఇట్టే తెలిసిపోతుంది, అక్కడే మనం కాస్త దూరం జరుగుతాం. ఎలుగుబంటి ముఖంతో ఆ బాధ లేదు. గుంటూరు పిల్లాడు చదివితే రూపర్ట్ వాడే అవుతాడు. ఈ బొమ్మల్లోని ఆకర్షణంతా ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

మీ ఇంట్లో పిల్లలకు చూపించేటప్పుడు గబగబా పేజీలు తిప్పకండి. ఇటుక గాల్లో ఉన్న గడి దగ్గర కాస్త ఆగండి, ఆ చప్పుడేదో వాళ్లనే చెయ్యనివ్వండి.

నమస్కారం.