మెనియెట్ పరికరం కొనాలా? చెవిలోకి పంపే గాలి ఒత్తిడి చికిత్సపై రివ్యూ

వీక్షకులకు శ్రీకాకుళం నుంచి నమస్కారం. మెనియర్ వ్యాధికి వాడే మెనియెట్ అనే పరికరం గురించి ఈ రోజు వివరంగా చెబుతాను.

ఈ జబ్బులో లోపలి చెవిలోని ఎండోలింఫ్ అనే ద్రవం ఎక్కువై పొరలు ఉబ్బుతాయి. 20 నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా ఇల్లంతా గిర్రున తిరుగుతున్నట్లు ఉంటుంది. వాంతులు, చెవిలో హోరు, దిమ్ము, వినికిడి తగ్గడం తోడవుతాయి. మూలం మెదడులో కాదు, చెవిలోనే ఉందని 1861లో ఫ్రెంచి వైద్యుడు ప్రోస్పర్ మెనియర్ చెప్పారు.

మెనియెట్ ఒక చిన్న పెట్టె. దాని గొట్టం చివర చెవికి బిగించుకునే బిరడా ఉంటుంది. ముందుగా వైద్యులు కర్ణభేరికి చిన్న రంధ్రం చేసి, అది తెరుచుకునే ఉండేలా గ్రామెట్ అనే బుల్లి గొట్టం అమర్చాలి, ఎందుకంటే అది లేకపోతే ఒత్తిడి మధ్య చెవికి చేరదు. ఆ తర్వాత ఇంట్లోనే రోజుకు మూడుసార్లు, కొద్ది నిమిషాల చొప్పున, గాలి తరంగాలు పంపుకోవాలి. ఆ ఒత్తిడికి లోపలి ద్రవం సర్దుకుంటుందన్నది దీని వెనకున్న ఊహ.

అమెరికాలో 1999లోనే దీనికి అనుమతి వచ్చింది. అయితే ఒత్తిడి పంపని ఉత్తుత్తి పెట్టె ఇచ్చినవారితో పోల్చి చూసిన 5 పరీక్షలను, అంటే 265 మంది రోగుల ఫలితాలను, 2015లో వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష పరిశీలించి, ఇది పనిచేస్తుందనడానికి ఆధారం లేదని తేల్చింది. దీన్ని రాయవద్దని 2020లో అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం తన సభ్యులకు స్పష్టంగా సూచించింది. వాడాక తగ్గిందని చెప్పేవారు అబద్ధమాడుతున్నారని కాదు. ఈ జబ్బు తనంతట తానే నెలల తరబడి అణగి ఉంటుంది కనుక, ఆ ఘనత పెట్టెకు దక్కుతోంది. అందుకే దీనికి డబ్బు పెట్టవద్దనే నేను గట్టిగా చెబుతాను.

ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పే మాటకు కూడా బలమైన పరీక్షల ఆధారం తక్కువే, కానీ దానికి ఖర్చు లేదు. నౌపడ ఉప్పు పండే జిల్లాలో, ఆవకాయ, ఎండుచేపలు లేని భోజనం కష్టమని నాకు తెలుసు, అయినా ప్రయత్నించండి.

పక్క మీద ఒత్తిగిలినప్పుడు ఒక నిమిషం లోపే తల తిరిగి ఆగిపోతే అది ఎక్కువగా వేరే సమస్య; తలను వరుసగా తిప్పించే ఎప్లీ పద్ధతితో చాలామందికి తగ్గుతుంది. అందువల్ల ముందు వినికిడి పరీక్ష చేయించుకుని, జబ్బు ఏదో తేల్చుకోండి. ఇప్పటికే గ్రామెట్ ఉన్నవారు రథసప్తమినాడు అరసవల్లి ఇంద్రపుష్కరిణిలో మునగాలనుకుంటే, చెవిలోకి నీరు పోకుండా ఏం చేయాలో వైద్యులను ముందే అడగండి.