మామ ల్యాప్‌టాప్‌లో లినక్స్: పెన్‌డ్రైవ్ పెట్టి చూశాం

అందరికీ నమస్తే. కడప ఎండల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, ఫ్యాన్ ఆపితే నోట మాట రాదు, వేస్తే మైకులో గుయ్‌మంటుంది. వెనకాల ఆ శబ్దం వినపడితే కాస్త సర్దుకుపోండి.

ఈరోజు సంగతి లైవ్ యూఎస్‌బీ. అంటే ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ జోలికి పోకుండా, పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ని, అంటే విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌ని, నడిపి చూడటం. ఇన్‌స్టాల్ చేయడం లేదు, ముందే చెబుతున్నా, తర్వాత కామెంట్లలో తిట్టొద్దు.

మా మేనమామకు ఏడురోడ్ల దగ్గర ఎరువుల అంగడి ఉంది. ఆయన ల్యాప్‌టాప్ 2014లో కొన్నది, 4 జీబీ ర్యామ్, లోపల పాతకాలం తిరిగే హార్డ్‌డిస్క్. ఆన్ చేసి టీ తాగొస్తే డెస్క్‌టాప్ వస్తుంది, ఇంకో టీ తాగితే బ్రౌజర్ తెరుచుకుంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి ఉండాలి అంటుంది. రిపేరు చేసే ఆయన అయితే "పాత ఇనుము వాళ్లకేసేయండి" అని ఒక్క మాటలో తేల్చేశాడు. మా మామ అంత తేలిగ్గా దేన్నీ పారేసే రకం కాదు. నన్ను పిలిచి, "అల్లుడూ, అదేదో లినక్స్ అంట గదా, దుడ్లు కూడా అక్కర్లేదంట గదా, ఒకసారి సూడు" అన్నాడు.

సరే అని లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ తీసుకున్నా. అందులోనూ పాత మెషీన్లకు తేలిగ్గా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. ఐఎస్ఓ అని ఒకే పెద్ద ఫైలుగా వస్తుంది, దాదాపు 3 జీబీ. రోజుకు 2 జీబీ రీఛార్జ్ మీద బతికేవాళ్లు రాత్రి పదకొండున్నరకు డౌన్‌లోడ్ మొదలుపెట్టండి, పన్నెండు దాటాక కొత్త రోజు డేటా పడుతుంది కదా, నేను చేసిందీ అదే.

ఆ ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి పెట్టేస్తే సరిపోతుంది అనుకుంటారు చాలామంది, అలా చేస్తే దాన్నుంచి ల్యాప్‌టాప్ బూట్ అవదు, అంటే లేవదు. రూఫస్ లాంటి చిన్న ప్రోగ్రామ్‌తో రాయాలి. రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. రూఫస్ ముందే హెచ్చరిస్తుంది, మనమే చదవకుండా ఓకే కొట్టేస్తాం. నేను ఒకసారి అలాగే కొట్టి మా చెల్లెలి ప్రాజెక్ట్ రిపోర్ట్ పోగొట్టా, ఆ పిల్ల ఇప్పటికీ పండక్కి వచ్చిన ప్రతిసారీ ఎత్తుతుంది.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. పెన్‌డ్రైవ్ పెట్టా, పవర్ బటన్ నొక్కా, వెంటనే ఎఫ్12 టకటకా కొడుతున్నా, దేన్నుంచి బూట్ అవ్వాలో ఎంచుకునే మెనూ కోసం. డెల్, లెనోవో వాటిలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9. ఒక్క సెకను ఆలస్యమైతే విండోస్ వచ్చేస్తుంది, మళ్లీ మొదటికి. మామ ల్యాప్‌టాప్‌లో నాకు మూడోసారికి కుదిరింది, ఈలోపు మామ "నీకు నిజంగానే వచ్చా ఇది?" అని రెండుసార్లు అడిగాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీది కొత్త ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళం, ఆన్‌లో ఉండొచ్చు. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగ్స్‌లోకి, పోయి సెక్యూర్ బూట్ లాంటివి మార్చారంటే, తర్వాత విండోస్ తెరిచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ మీ దగ్గర రాసుకుని ఉంటేనే అటు వెళ్లండి.

మెనూ వచ్చింది, పెన్‌డ్రైవ్ ఎంచుకుని, స్టార్ట్ లినక్స్ మింట్ నొక్కా. ఇదిగో డెస్క్‌టాప్. పాస్‌వర్డ్ లేదు, అకౌంట్ లేదు, ఏమీ అడగలేదు. ఇదంతా పెన్‌డ్రైవ్ నుంచి చదువుకుంటూ ర్యామ్‌లో నడుస్తోంది, ఆపేయగానే మనం చేసిన మార్పులన్నీ పోతాయి. ఇక్కడ ఇన్‌స్టాల్ అనే ఐకాన్ ఒకటి ఉంది చూశారా, దాని జోలికి మాత్రం పోకండి.

ఇక్కడే నాకు చిరాకు తెప్పించే సంగతి ఒకటుంది. చాలా వీడియోల్లో ఈ డెస్క్‌టాప్ రాగానే వాల్‌పేపర్ చూపించి, విండోలు అటూ ఇటూ జరిపి, "సూపర్ ఉంది కదా గయ్స్" అని ముగించేస్తారు. వాల్‌పేపర్ ఫోటో నెట్‌లో చూసుకుంటాం కదా సామీ! లైవ్ పెట్టేది మన మెషీన్‌కు ఇది ఒప్పుతుందా లేదా చూడటానికి. వైఫై దొరికిందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా, ప్రింటర్ పలుకుతోందా, ఇవి చూడాలి.

మామ దాంట్లో వైఫై రాలేదు. లిస్టే ఖాళీ. కొన్ని పాత వైఫై చిప్‌లకు డ్రైవర్, అంటే ఆ చిప్‌ని నడిపించే చిన్న ప్రోగ్రామ్, విడిగా వేసుకోవాలి, డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే వైఫై కావాలి, కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టు ఉంటుంది. ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ మీద ఇవ్వడం) ఆన్ చేశా, నెట్ వచ్చేసింది, డ్రైవర్ మేనేజర్ తెరిచి వేసేశా, వైఫై కూడా లేచింది. ఈ ఒక్క చిట్కా తెలియక లినక్స్‌ని వదిలేసినవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు.

స్పీడ్ గురించి తొందరపడి తీర్పు చెప్పకండి. పెన్‌డ్రైవ్ నుంచి కాబట్టి ఫైర్‌ఫాక్స్ మొదటిసారి తెరుచుకోవడానికి టైమ్ తీసుకుంటుంది. లోపల నీలం రంగున్న యూఎస్‌బీ 3.0 పోర్టు ఉంటే దాంట్లో పెట్టండి, తేడా తెలుస్తుంది.

తెలుగు బానే కనపడుతోంది, ఒత్తులు విడిపోవడం లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ కలిపి మామ పేరు కొట్టి చూపించా, ముఖం వెలిగింది. కానీ డీటీపీ చేసేవాళ్లు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు కొట్టేవాళ్లు, మీకు ఇది కుదరదు, అదంతా విండోస్ కోసం చేసిన సరుకు.

మామ కథ కూడా అక్కడే ఆగింది. ఆయన లెక్కలన్నీ ట్యాలీలో ఉన్నాయి, ట్యాలీ విండోస్‌కే. ఇది నేను ముందే అడిగి ఉండాల్సింది, నా తప్పే. అరగంటలో, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఆయన విండోస్ చెక్కుచెదరకుండా ఆ సంగతి తేలిపోయింది. డిస్క్ ఫార్మాట్ చేశాక తేలి ఉంటే మామ నన్ను ఆ ఏడురోడ్ల సర్కిల్‌లోనే నిలబెట్టేవాడు.

అయినా ఆ పెన్‌డ్రైవ్ నేను దాచుకున్నా. పోయిన ఏడాది మా బావ ల్యాప్‌టాప్‌లో విండోస్ లేవలేదు, చూపించిన చోట "ఫార్మాటే, డేటా పోతుంది" అన్నారు. ఇలాంటి లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే డిస్క్ మామూలుగా తెరుచుకుంది, పాప ఫోటోలన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి లాగేశా. డిస్కే చెడిపోయి ఉన్నా, బిట్‌లాకర్ వేసి కీ లేకపోయినా అంత సులభంగా రావు, అదీ చెప్పాలి.

ఇది కొత్త విద్యేం కాదు లెండి, 2000లోనే నాపిక్స్ అని సీడీ మీద నడిచే లినక్స్ ఒకటి వచ్చింది, ఉబుంటు అనే ఇంకో లినక్స్ వాళ్లయితే 2011 దాకా అడిగినవాళ్లకు సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవాళ్లు.

ఇంకొక్కటి. మరుసటి రోజు పదకొండు గంటలకు మామ ఫోన్. "ఏం చేసినావు రా అల్లుడూ, బిల్లు మీద టైమ్ తెల్లారుజాము ఐదున్నర అని పడతాండాది, ఆ టైమ్‌లో యూరియా ఎవుడు కొంటాడు?" సంగతేంటంటే, మెషీన్ గడియారంలో ఉన్నది మన ఊరి టైమ్ అనుకుంటుంది విండోస్, లినక్స్ దాన్ని గ్రీనిచ్ టైమ్‌గా లెక్కేస్తుంది. లైవ్‌లో నెట్ కలిపి ఉంచాం కదా, అది తన లెక్క ప్రకారం గడియారాన్ని సరిచేసి పెట్టింది, మనకేమో ఐదున్నర గంటలు వెనక పడింది. డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కమన్నా. సరైపోయింది. పొద్దున కొట్టిన నాలుగు బిల్లులు మాత్రం మళ్లీ కొట్టుకోవాల్సి వచ్చింది పాపం.