ట్రిబ్యునల్లో కేసు పోయాక ఏం చేయాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

బ్రిటన్‌లో వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌ను అందరం ‘పిప్’ అంటాం. దాని కోసం ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఓడిపోయినవాళ్లు ముందుగా అనే మాట, “నా బాధ వాళ్లకు అర్థం కాలేదండీ” అని. అది నిజమే కావచ్చు. కానీ పై ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ఆ ఒక్క మాట చాలదు. ఇంకేం కావాలో ఈ రోజు చెబుతాను.

ముందే ఒక మాట. వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’, అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదు అని రాసి ఉన్నవాళ్లకు మామూలుగా పిప్ రాదు. కాబట్టి ఇది ముఖ్యంగా ఇక్కడ పౌరసత్వమో, శాశ్వత నివాసమో ఉన్న కుటుంబాల సంగతి. నేను చెప్పే పద్ధతి ఇంగ్లండ్, వేల్స్‌లది. స్కాట్లండ్‌లో ఇప్పుడు పిప్ స్థానంలో అడల్ట్ డిసెబిలిటీ పేమెంట్ ఉంది.

పిప్‌కు అప్లై చేస్తే డీడబ్ల్యూపీ, అంటే ఈ డబ్బు ఇచ్చే ప్రభుత్వ శాఖ, కాదంది. మాండేటరీ రీకన్సిడరేషన్, అంటే ఆ నిర్ణయాన్ని మళ్లీ చూడమని అదే శాఖను అడిగితే మళ్లీ అదే జవాబు వచ్చింది. ఫస్ట్ టైర్ ట్రిబ్యునల్‌కు వెళ్లారు. అక్కడ మామూలుగా ఒక జడ్జి, ఒక డాక్టరు, వైకల్యం గురించి అనుభవమున్న మరో సభ్యుడు, మొత్తం ముగ్గురు కూర్చుంటారు. వాళ్లూ కాదన్నారు. ఇంటికి ఒక చిన్న డెసిషన్ నోటీసు వచ్చింది. చాలామంది దాన్ని చూసి నీరుగారిపోయి ఫైల్లో పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ నోటీసు పంపిన తేదీ నుంచి ఒక నెలలోపు ‘స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ కావాలి’ అని ట్రిబ్యునల్‌కు రాయండి. ఎవరి మాట ఎందుకు నమ్మారో, ఏ సాక్ష్యాన్ని ఎందుకు పక్కన పెట్టారో జడ్జి అందులో వివరంగా రాయాలి. అది చేతిలో లేకపోతే పైకి వెళ్లడం చాలా కష్టం. హియరింగ్ రికార్డింగ్ కూడా అడగండి.

ఇక అసలు విషయం. అప్పర్ ట్రిబ్యునల్ మీ మోకాళ్లు ఎంత నొప్పిగా ఉన్నాయో మళ్లీ మొదటినుంచి విచారించదు. కింది ట్రిబ్యునల్ చట్టం ప్రకారం నడుచుకుందా లేదా అన్నదే చూస్తుంది. చట్టాన్ని తప్పుగా అన్వయించినా, ముఖ్యమైన సాక్ష్యాన్ని పట్టించుకోకపోయినా, కారణాలు సరిగా రాయకపోయినా, విచారణ న్యాయంగా జరపకపోయినా అది చట్టపరమైన తప్పు. ఆ తప్పు చూపించగలిగితేనే ముందుకు దారి.

ఒక ఉదాహరణ చూద్దాం. కీళ్లవాతం ఉన్న ఒక పెద్దావిడ ఉన్నారనుకుందాం. “బస్టాపు దాకా నడుస్తాను, కానీ మధ్యలో రెండుసార్లు ఆగుతాను, తిరిగొచ్చాక ఇక ఆ పూటకు లేవలేను” అని ఆవిడ హియరింగులో చెప్పారు. తీర్పులో మాత్రం “బస్టాపు దాకా నడుస్తున్నారు, కాబట్టి 50 మీటర్లు దాటి నడవగలరు” అని రాశారు. పిప్‌లో ఇబ్బందిని బట్టి పాయింట్లు ఇస్తారు. కర్ర సాయం అక్కర్లేకుండా నడిచేవాళ్లు 20 మీటర్లు దాటినా 50 మీటర్ల లోపే ఆగిపోతే 8 పాయింట్లు, అది దాటి 200 మీటర్ల లోపు నడిస్తే 4. డబ్బు రావాలంటే కనీసం 8 ఉండాలి. అంటే ఆవిడకు పిప్‌లో మొబిలిటీ కింద, అంటే నడక, ప్రయాణాల కష్టానికి, వచ్చే డబ్బంతా ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు ఆవిడ అప్పీలులో “నాకు చాలా నొప్పిగా ఉంటుంది, తీర్పు అన్యాయం” అని రాస్తే పని జరగదు. ఇలా రాయాలి: “ఒక పనిని సురక్షితంగా, సరైన తీరులో, అవసరమైనన్ని సార్లు, తగినంత సమయంలో చేయగలరా అన్నది చూడాలని పిప్ నిబంధనల్లో 4వ రెగ్యులేషన్ చెబుతోంది. ఆ నడక తర్వాత మళ్లీ లేవలేనని నేను చెప్పాను. ఆ మాటను ట్రిబ్యునల్ నమ్మిందో లేదో, నమ్మకపోతే ఎందుకు నమ్మలేదో ఎక్కడా రాయలేదు.” బాధ అదే. కానీ ఇప్పుడు దానికి ట్రిబ్యునల్ జవాబు చెప్పాల్సిన ప్రశ్న రూపం వచ్చింది. స్టేట్‌మెంట్ చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని, మీరు చెప్పిన ప్రతి ముఖ్యమైన మాటకూ అక్కడ జవాబుందా అని గీత గీసుకుంటూ పోండి. జవాబు లేనిచోటే సాధారణంగా మీ అప్పీలు ఉంటుంది.

భాష విషయం మనవాళ్లకు మరీ ముఖ్యం. ట్రిబ్యునల్ ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఇస్తుంది. మీరు ముందే అడిగినా ఇవ్వకుండా విచారణ జరిపేశారా? లేక వచ్చిన ఇంటర్‌ప్రెటర్ మాట మీకు అర్థం కాలేదా? అది విచారణలో జరిగిన లోపం, తప్పకుండా రాయండి.

ఇంత శ్రమ దేనికని అనిపించవచ్చు. 2017లో మూర్ఛ ఉన్నవాళ్ల కేసులు అప్పర్ ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి. ఫిట్స్ ఎప్పుడో ఒకసారి వస్తాయి, మిగతా రోజులు బాగానే ఉంటారు కదా అన్న వాదనను ముగ్గురు జడ్జీలు ఒప్పుకోలేదు. ప్రమాదం ఎన్నిసార్లు రావచ్చన్నదే కాదు, వస్తే ఎంత తీవ్రంగా ఉంటుందో కూడా చూడాలన్నారు. పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఫిట్స్ వస్తే ఏమవుతుందో ఆ ఇళ్లలో వాళ్లకు తెలుసు. ఆ తీర్పు వాళ్లతో ఆగలేదు, దేశమంతా ట్రిబ్యునళ్లకు దారి చూపింది.

పద్ధతి సంగతి త్వరగా చెప్పేస్తాను. ట్రిబ్యునల్ మీకు స్టేట్‌మెంట్ పంపిన తేదీ నుంచి ఒక నెలలోపు ముందు ఆ కింది ట్రిబ్యునల్‌నే అప్పీలుకు పర్మిషన్ అడగాలి. వాళ్లు కాదంటే మరో నెలలోపు నేరుగా అప్పర్ ట్రిబ్యునల్‌ను అడగాలి. ఫీజు ఏమీ లేదు. గడువు దాటితే ఆలస్యానికి కారణం రాసి గడువు పెంచమని అడగండి. ఆసుపత్రిలో ఉంటే ఆ కాగితం జతచేయండి.

గెలిస్తే వెంటనే డబ్బు వచ్చేస్తుందనుకోకండి. చాలా కేసులు కొత్త ట్రిబ్యునల్ ముందుకు మళ్లీ విచారణకు వెళతాయి. ఆ ట్రిబ్యునల్ మీకు ఇప్పటికే వస్తున్నదాన్ని తగ్గించే వీలు కూడా ఉంది. కొంత డబ్బు వస్తూ, ఎక్కువ కోసం వెళ్లేవాళ్లు ఈ రిస్కు గురించి ముందే ఆలోచించుకోవాలి. ఇంకోటి, డీడబ్ల్యూపీ నిర్ణయం తీసుకున్న తేదీకి మీరెలా ఉన్నారో అదే చూస్తారు. తర్వాత జబ్బు ముదిరితే అప్పీలు నడుస్తుండగానే కొత్త క్లెయిమ్ వేయడం మంచిదా అని సలహా తీసుకోండి.

ఆ సలహా కోసం మీ ఊళ్లో ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్‌కో, లా సెంటర్‌కో వెళ్లండి. చట్టపరమైన అంశం మీద అప్పర్ ట్రిబ్యునల్‌కు వెళ్లేవాళ్లకు, ఆదాయం తక్కువైతే, కాగితాలు తయారు చేసుకోవడానికి లీగల్ ఎయిడ్, అంటే ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సాయం, దొరకవచ్చు. వెళ్లేటప్పుడు డెసిషన్ నోటీసు, స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్, అవి వచ్చిన కవర్లు కూడా తీసుకెళ్లండి. గడువు లెక్కపెట్టడానికి వాటి మీది తేదీలు పనికొస్తాయి.