బిల్లు రాసిన రోజే తేలిపోయే పన్ను

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఎడిటర్లు, మాటల రచయితలు, కాస్ట్యూమ్ డిజైనర్లు, డబ్బింగ్ చెప్పేవాళ్లు, గ్రాఫిక్స్ చేసేవాళ్లు ఉన్నారు. ఒకటో తారీఖున జీతం పడేవాళ్లు దాదాపు లేరు. మనలో చాలామందికి పన్ను జులైలో గుర్తొచ్చే పని. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఆడిటర్‌కి పంపేస్తే అయిపోయిందనుకుంటాం. నిజానికి అప్పటికి ఆడిటర్ చేయగలిగింది పెద్దగా మిగలదు. పన్ను ఎంత పడుతుంది, కంపెనీలు ముందే కోసుకున్న పన్ను ఎప్పుడు తిరిగొస్తుంది, జీఎస్టీ ఎవరు కట్టాలి అన్నవి పని ఒప్పుకున్నప్పుడు, బిల్లు రాసినప్పుడు తేలిపోతాయి. అందుకే ఈ రోజు రిటర్న్ గురించి తక్కువ, బిల్లు గురించి ఎక్కువ మాట్లాడుకుందాం.

ఇప్పుడు చెప్పే ఆదాయపు పన్ను అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. అకౌంట్స్ వాళ్ల నోట ఇప్పటికీ పాత నంబర్లే వినిపిస్తాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం.

ముందు 44ఏడీఏ. సినిమా కళాకారులతో సహా కొన్ని వృత్తులవారికి చట్టం ఇచ్చిన సులువైన దారి ఇది. ఏడాదిలో వచ్చిన మొత్తం ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, ఖాతా పుస్తకాలు రాయనక్కర్లేదు. మొత్తం ఫీజు 50 లక్షలు దాటకూడదు. నగదుగా తీసుకున్నది 5 శాతానికి మించకపోతే పరిమితి 75 లక్షలు.

ఏడాదికి 30 లక్షలు బిల్లు చేసిన ఎడిటర్‌ లెక్క చూద్దాం. ఆదాయం 15 లక్షలు. కొత్త పన్ను విధానంలో తొలి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం అంటే 20,000. ఆపై 4 లక్షలకు 10 శాతం, 40,000. మిగిలిన 3 లక్షలకు 15 శాతం, 45,000. సెస్ 4 శాతం కలిపితే మొత్తం 1,09,200. ప్రొడక్షన్ కంపెనీలు ఇదే ఎడిటర్ దగ్గర వృత్తి ఫీజుల సెక్షన్ 194జె కింద, చెల్లించేటప్పుడే 10 శాతం చొప్పున ముందస్తు పన్నుగా (దీన్నే టీడీఎస్ అంటారు) కోసింది 3 లక్షలు. అంటే 1,90,800 వెనక్కి రావాలి. 24 లక్షలు బిల్లు చేసినవారికి ఆదాయం 12 లక్షలు, అక్కడిదాకా ఇచ్చే రిబేటు (పన్ను మాఫీ) వల్ల పన్ను సున్నా. కోసిన 2,40,000 మొత్తం రీఫండే. చివరికి 75 లక్షల దగ్గర కూడా పన్ను 7,33,200, టీడీఎస్ 7,50,000. వేరే ఆదాయం లేకుండా, ప్రతి బిల్లు మీదా 10 శాతం కోసి ఉంటే, ఈ సెక్షన్‌లో ఉన్నవారు ఏ స్థాయిలోనూ కొత్తగా పన్ను కట్టాల్సిన పని ఉండదు.

కాబట్టి మన రంగంలో ఎక్కువమందికి బాధ పన్ను భారం కాదు, తమ డబ్బు నెలల తరబడి ఆగిపోవడం. ఏప్రిల్‌లో కోసిన టీడీఎస్ మరుసటి ఏడాది రిటర్న్ వేశాక గానీ రాదు. దీనికి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ అనే మందు ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ. పన్ను శాఖ టీడీఎస్ పనుల కోసం నడిపే ట్రేసెస్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే గత రిటర్న్‌లు, ఈ ఏడాది అంచనా చూసి అధికారి 10కి బదులు తక్కువ శాతం నిర్ణయిస్తారు. అది ఇచ్చిన తేదీ నుంచే పనిచేస్తుంది, అప్పటికే కోసినదానికి వర్తించదు. డిసెంబరులో గుర్తొస్తే లాభం లేదు, ఏప్రిల్‌లోనే వేయాలి.

రిబేటు గురించి రెండు జాగ్రత్తలు. 12.75 లక్షల వరకూ పన్ను లేదని మీరు విన్న మాట జీతగాళ్లది. అందులో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ జీతానికి, పెన్షన్‌కి మాత్రమే ఉంది, ఫ్రీలాన్సర్‌కి లేదు. రెండోది, కొత్త విధానంలో షేర్లు అమ్మిన లాభానికి ఈ రిబేటు అందదు.

ఇక 44ఏడీఏ ఎవరికి? సినిమా కళాకారుడు అన్న మాటకు నిబంధనల్లో జాబితా ఉంది: నటులు, కెమెరామన్, దర్శకులు, సంగీత దర్శకులు, ఆర్ట్ డైరెక్టర్లు, డాన్స్ డైరెక్టర్లు, ఈ నాలుగు రకాల దర్శకుల అసిస్టెంట్లు, ఎడిటర్, గాయకులు, పాటల రచయిత, కథ, స్క్రీన్‌ప్లే, మాటల రచయితలు, డ్రెస్ డిజైనర్. కలరిస్ట్, వీఎఫ్ఎక్స్, సౌండ్ డిజైనర్, స్టోరీబోర్డ్ ఆర్టిస్టు పేర్లు అందులో లేవు. ఈ పనుల్లో ఉన్నవాళ్లు తమను ఏ వృత్తి కింద చూపిస్తున్నారో ఆడిటర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. 44ఏడీ కింద 6 శాతమే లాభం చూపిద్దామని ఎవరైనా ఆశ పెడితే ఆగండి. అది వ్యాపారాలకు. మీ ఏఐఎస్‌లో (మీ పేరున నమోదైన రాబడి, కోతలు పన్ను శాఖ చూపించే పట్టికలో) ప్రతి ఎంట్రీ వృత్తి ఫీజు అని చెబుతుంటే, రిటర్న్ మాత్రం వ్యాపారం అంటే, నోటీసుకు మీరే దారి వేసినట్టు.

సగం లెక్క వర్తించనివాళ్లు నిజమైన ఖర్చులు రాసుకోవాలి. కంప్యూటర్, సాఫ్ట్‌వేర్‌కి ఏడాదికి 40 శాతం తరుగుదల, కెమెరాకి 15 శాతం. కొన్న ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. ఒకే రోజు ఒకే మనిషికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. అసిస్టెంట్లకు చేతికి ఇచ్చే అలవాటున్నవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే.

ఇప్పుడు బిల్లు దగ్గరికి వద్దాం.

మన ఇండస్ట్రీలో బేరం ఎప్పుడూ "చేతికి ఎంత" అనే జరుగుతుంది. చేతికి 5 లక్షలు అని ఒప్పుకుంటే బిల్లు 5 లక్షలకు రాయకూడదు, 5,55,556కి రాయాలి. 10 శాతం పోతే 5 లక్షలు చేతికి వస్తాయి, పోయినది మీ పేరున జమవుతుంది. బిల్లు 5 లక్షలకు రాసి 4,50,000 అందాక గొడవపడితే అకౌంట్స్‌లో ఎవరూ వినరు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఫీజుకి జీఎస్టీ అదనం అని అగ్రిమెంటులోనే రాయించుకోవాలి. లేకపోతే ఆ 5 లక్షల్లోనే 18 శాతం ఉన్నట్టు లెక్కకడతారు, 76,271 మీ జేబులోంచి పోతుంది. బిల్లులో జీఎస్టీని వేరే లైనులో చూపిస్తే టీడీఎస్ ఫీజు మీదే కోస్తారు. లక్ష ఫీజు, 18,000 జీఎస్టీ అయితే కోత 10,000. అంతా కలిపి 1,18,000 అని రాస్తే 11,800 కోస్తారు.

ఔట్‌డోర్ షెడ్యూలుకి వెళ్తే హోటల్, విమాన టికెట్లు ప్రొడక్షనే నేరుగా బుక్ చేసేలా చూసుకోండి. మీరు కట్టి బిల్లులో కలిపితే దాని మీదా టీడీఎస్ పోతుంది, మీ మొత్తం ఫీజూ పెరిగి కనబడుతుంది. 44ఏడీఏలో ఆ ఖర్చును విడిగా తీసేసే వీలుండదు.

రిటర్న్‌లలో అన్నిటికన్నా తరచుగా కనబడే తప్పు: బ్యాంకులో పడిన మొత్తాన్నే రాబడిగా చూపించడం. 10 లక్షలు బిల్లు చేసి 9 లక్షలు అందుకున్నవారి రాబడి 10 లక్షలే. కోసిన లక్ష కూడా మీ సంపాదనే, అందుకే దాన్ని పన్నులో జమ కోరుతున్నారు. ఏఐఎస్‌లో 10 ఉంటుంది, మీ రిటర్న్‌లో 9 ఉంటుంది, రీఫండ్ అక్కడే ఆగుతుంది.

దీని తర్వాతిది మార్చి బిల్లుల చిక్కు. డబ్బు ఇచ్చినప్పుడు గానీ, ఖాతాలో మీ పేరున రాసినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు కంపెనీ టీడీఎస్ కోయాలి. మార్చి 31న ఖర్చు రాసేసి మీకు జూన్‌లో డబ్బిస్తారు. 26ఏఎస్‌లో (మీ పేరున జమైన పన్ను చూపించే పత్రంలో) టీడీఎస్ పాత ఏడాదిలో, మీ బ్యాంకులో డబ్బు కొత్త ఏడాదిలో. డబ్బు అందినప్పుడే ఆదాయంగా చూపించే పద్ధతి మీదైతే, ఆ టీడీఎస్‌ను వచ్చే ఏడాదికి తీసుకెళ్లే గడి రిటర్న్‌లో ఉంది. అది వాడండి. ఏ పద్ధతి ఎంచుకున్నా ఏటా అదే పాటించాలి.

మూడు నెలలకోసారి 26ఏఎస్ తెరిచి ప్రతి బిల్లునూ సరిచూసుకోండి. కోశామని చెప్పి ప్రభుత్వానికి కట్టనివాళ్లు, తప్పు పాన్ నంబరు మీద కట్టినవాళ్లు, 194జె బదులు కాంట్రాక్టర్లకు కోసే 194సి కింద 1 శాతం కోసినవాళ్లు అప్పుడే బయటపడతారు. సినిమా పని నడుస్తుండగా అకౌంటెంట్ ఫోన్ ఎత్తుతారు. విడుదలయ్యాక ఆఫీసే ఎత్తేసిన సందర్భాలు మన రంగంలో తక్కువేం కాదు.

బాకీల వసూలుకు వాడాల్సిన ఆయుధం, చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్. పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో అయిపోతుంది. సేవలు అందించేవారు సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. ఆ నంబరు ఉంటే అగ్రిమెంటు లేనప్పుడు 15 రోజుల్లో, ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. పైగా 43బి(హెచ్) ప్రకారం గడువు దాటిన బాకీని, చెల్లించేదాకా కంపెనీ తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేదు. మార్చిలో ఏ అకౌంట్స్ విభాగాన్నైనా కదిలించేది ఈ ఒక్క మాటే. పని ఒప్పుకోకముందే నమోదై ఉండాలి, ప్రతి బిల్లు మీదా నంబరు ఉండాలి. బాకీ పడ్డాక తీసుకున్న నంబరు పాత బిల్లులకు పనికొస్తుందన్న నమ్మకం లేదు.

జీఎస్టీ. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో సేవలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేని పరిమితి ఏడాదికి 20 లక్షలు. చెన్నై, ముంబై కంపెనీలకు చేసిన పని, విదేశీ క్లయింట్ల పని, మీకు వచ్చే షాపు అద్దె, అన్నీ కలిపి చూస్తారు. ఇక్కడే అగ్రిమెంటులో మాటలకు విలువ. సంగీత దర్శకుడు తన స్వరాల కాపీరైటును నిర్మాతకు, మ్యూజిక్ కంపెనీకి బదిలీ చేస్తే ఆ జీఎస్టీ కట్టాల్సింది తీసుకున్నవారు. దీన్నే రివర్స్ చార్జ్ అంటారు. రాబడి మొత్తం ఇలాంటిదే అయితే 20 లక్షలు దాటినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే సంగీత దర్శకుడు 30 లక్షల కాపీరైటు రాబడితో పాటు ఒక టీవీ షోలో జడ్జిగా 2 లక్షలు తీసుకుంటే ఆ మినహాయింపు పోతుంది, రిజిస్టర్ కావాల్సిందే. ఆ 2 లక్షల పని ఒప్పుకునే ముందు ఈ ఖర్చు లెక్కలో వేసుకోవాలి. కూచిపూడి, కర్ణాటక సంగీతం, బుర్రకథ లాంటి శాస్త్రీయ, జానపద ప్రదర్శనలకు ఒక్కోదానికి 1.5 లక్షల వరకూ జీఎస్టీ లేదు. బ్రాండ్ అంబాసిడర్‌గా చేసినదానికి ఇది వర్తించదు.

చివరగా టీడీఎస్ కోయని రాబడి. విదేశీ క్లయింట్లు కోయరు, చిన్న షార్ట్ ఫిల్మ్ నిర్మాతలు చాలావరకు కోయనక్కర్లేదు. ఒకే కంపెనీ నుంచి ఏడాదికి 50,000 దాటని ఫీజుకూ కోత లేదు. ఇలాంటి డబ్బు వచ్చిన రోజే 10 శాతం వేరే సేవింగ్స్ ఖాతాలోకి మార్చేయండి. ఇందాక చూసిన లెక్క ప్రకారం 44ఏడీఏలో ఉన్నవారికి 75 లక్షల దాకా అది సరిపోతుంది. టీడీఎస్ పోను 10,000 లేదా అంతకన్నా ఎక్కువ పన్ను మిగిలితే మార్చి 15లోగా ఒకేసారి అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. పుస్తకాలు రాసేవాళ్లకు నాలుగు వాయిదాలు: జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి 100. తప్పితే నెలకు 1 శాతం వడ్డీ.

యూట్యూబ్ ఛానల్ ఉన్నవాళ్లు గూగుల్‌కు అమెరికా పన్ను ఫారం ఇచ్చారో లేదో ఈ రాత్రే చూసుకోండి. ఇస్తే అమెరికాలో చూసినవారి వల్ల వచ్చిన రాబడి మీదే, భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం కోస్తారు. ఇవ్వకపోతే మొత్తం రాబడి మీద 24 శాతం దాకా పోవచ్చు. అక్కడ కోసినదాన్ని ఇక్కడ జమ చేసుకోవడానికి ఫారం 67 వేయాలి. అయితే ఇక్కడ మీ పన్ను సున్నా అయితే జమ చేసుకోవడానికి ఏమీ ఉండదు, ఆ డబ్బు పోయినట్టే. జీఎస్టీ ఉన్నవాళ్లు విదేశీ బిల్లుల మీద 18 శాతం కట్టకుండా ఉండాలంటే ఎల్‌యూటీ అనే హామీ పత్రం కావాలి. ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా, తొలి విదేశీ బిల్లు రాసేలోపే వేయాలి. డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రాన్ని బిల్లుతో కలిపి దాచండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. 26ఏఎస్ ఫోన్‌లో తెరిచి ఉంచుకున్నవాళ్లు ముందుకు రండి.