ఆట వాళ్లది, ఫీజు మనది: చిన్న యూనివర్సిటీలకి ఫుట్‌బాల్ గిట్టుబాటవుతుందా?

(రికార్డింగ్ విని రాసింది. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినపడినంతే రాశాను.)

మోడరేటర్: నమస్కారం. ముందే చెప్తున్నా, ఇది సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసులో, సెటిల్‌మెంట్‌కి 2025 జూన్‌లో కోర్టు ఓకే చెప్పింది, ఇక యూనివర్సిటీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వచ్చు, మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా. పెద్దవాళ్లు ఇస్తారు సరే, చిన్నవాళ్లు ఎక్కడ తెస్తారు? మన పిల్లల ఫీజుల్లోంచేనా? మేడమ్, మీరు ఎకనామిక్స్ చెప్తారు కాబట్టి మీతో మొదలుపెడదాం.

ప్రొఫెసర్: చిన్నవాటిలో చాలావరకు ఆ 2.05 కోట్ల జోలికే పోలేవండి. దెబ్బ ఇంకోచోట ఉంది. అదే సెటిల్‌మెంట్ కింద పాత ఆటగాళ్లకి పదేళ్లలో ఇవ్వాల్సిన సుమారు 280 కోట్ల డాలర్లలో కొంత, ఎన్‌సీఏఏ కాలేజీలకి పంచే వాటాల్లోంచి కోస్తున్నారు. అంటే డివిజన్ 1లో, అదే పై స్థాయిలో ఉండి ఫుట్‌బాల్ టీమే లేని కాలేజీకి కూడా...

బూస్టర్ (టీమ్‌కి అండగా ఉండే అభిమాని): ఒక్క నిమిషం మేడమ్.

ప్రొఫెసర్: పూర్తి చేయనివ్వండి.

బూస్టర్: మీరు పూర్తిచేసేసరికి టైమ్ అయిపోద్ది. నేను అలాంటి ఒక చిన్న యూనివర్సిటీలోనే చదువుకున్నవాణ్ణి, ఏటా సీజన్ టికెట్ కొంటున్నవాణ్ణి. 2007లో ఆపలాచియన్ స్టేట్ వెళ్లి మిషిగన్‌ని వాళ్ల గ్రౌండ్‌లోనే 34-32తో కొట్టింది. ఓడిపోతారులే అని 4 లక్షల డాలర్లిచ్చి పిలిచి, ఎదురు వాళ్లే ఓడిపోయారు! 2024లో నార్తర్న్ ఇల్లినాయ్ నోటర్ డేమ్‌ని 16-14తో కొట్టి 14 లక్షల డాలర్ల చెక్కు పట్టుకుపోయింది. ఈ పబ్లిసిటీ ఏ హోర్డింగ్‌కి వస్తుంది చెప్పండి?

ప్రొఫెసర్: గెలిచిన రెండూ చెప్పారు. సవానా స్టేట్ సంగతో? 2012లో ఓక్లహోమా స్టేట్ చేతిలో 84-0. మరుసటి వారమే ఫ్లోరిడా స్టేట్ చేతిలో 55-0, అదీ మెరుపుల వల్ల మధ్యలో ఆపేస్తే. రెండిటికీ కలిపి వచ్చింది 8.6 లక్షల డాలర్లు. కుర్రాళ్ల ఒళ్లు హూనమైతే వచ్చిన డబ్బది. అయినా నిలబడలేక 2019లో డివిజన్ 2కి దిగిపోయింది.

మోడరేటర్: సరే, కానీ టీమ్ నడపడంలో వచ్చే లోటు పూడ్చేది ఫీజుతోనే కదా? సర్, మీ అబ్బాయి అలాంటి చోటే చదువుతున్నాడు, మీరు చెప్పండి.

విద్యార్థి తండ్రి: బిల్లులో అథ్లెటిక్స్ ఫీజు అని విడిగా ఒక లైన్ ఉంటుందండీ. మావాడు ఎమ్మెస్, ఒక్క మ్యాచ్ చూడలేదు. పైగా మ్యాచ్ రోజు, వాడు పర్మిట్ కొనుక్కున్న పార్కింగ్ లాట్‌ని టెయిల్‌గేట్ వాళ్లకి, అదే మ్యాచ్ ముందు కార్ల దగ్గర వండుకుని విందు చేసుకునేవాళ్లకి ఇచ్చి, పొద్దున ఏడింటికల్లా కారు తీసేయమని మెయిల్ పెడతారు.

బూస్టర్: ఆ టెయిల్‌గేట్‌కే రమ్మనండి! మటన్ బిర్యానీ చేస్తాం, ఒకసారి అసిస్టెంట్ కోచ్ వచ్చి రెండుసార్లు పెట్టించుకున్నాడు.

మోడరేటర్: దమ్ అక్కడే పెడతారా, ఇంటి దగ్గర చేసి తెస్తారా?

(బిర్యానీ మీద చాలాసేపు నడిచింది. అదంతా వదిలేశాను.)

ప్రొఫెసర్: మనం డబ్బు గురించి మాట్లాడుతున్నాం. 2016లో ఈస్టర్న్ మిషిగన్‌లో ఫ్యాకల్టీ, స్టూడెంట్లు కలిసి రిపోర్టే రాశారు, ఈ స్థాయి ఫుట్‌బాల్ మనకొద్దు అని. యాజమాన్యం వినలేదు.

బూస్టర్: ఎందుకు వింటారు? బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీ, అదే యూఏబీ, 2014 డిసెంబర్‌లో టీమ్ ఎత్తేసింది. ఊరు ఊరంతా గొడవ చేసి, దాతలు ముందుకొచ్చి, ఆర్నెల్లకే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. 2017లో మళ్లీ గ్రౌండ్‌లోకి దిగారు, మరుసటి ఏడాది కాన్ఫరెన్స్ టైటిలే కొట్టారు. మూసేస్తే ఊరు ఊరుకోదండీ!

ప్రొఫెసర్: దాతలు ఉన్న ఊరది. డివిజన్ 3 లెక్క వేరు. అక్కడ ఆట స్కాలర్‌షిప్పులే లేవు, వందమంది కుర్రాళ్లు ఆడటం కోసం ఫీజు కట్టి చేరతారు. టికెట్లతో, టీవీతో పనిలేదు, అడ్మిషన్ల కోసమే టీమ్ పెట్టుకుంటారు...

బూస్టర్: చూశారా, మేడమే ఒప్పుకున్నారు! ఫుట్‌బాల్ ఉంటే కాలేజీ నిండుతుంది.

ప్రొఫెసర్: నేనన్నది అది కాదు. సౌత్ కరోలినాలో లైమ్‌స్టోన్‌కీ టీమ్ ఉండేది, డివిజన్ 2. 2025లో యూనివర్సిటీయే మూతపడింది. మీ కాలేజీ స్కాలర్‌షిప్పులిచ్చి, చార్టర్ ఫ్లైట్‌లెక్కించి...

బూస్టర్: బస్సులోనే వెళ్తారండీ ఎక్కువగా!

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి. ప్రొఫెసర్ మొదలుపెట్టిన మాట మళ్లీ పూర్తికాలేదు. ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను.)

మోడరేటర్: అంటే చివరికి ఫీజు పెరుగుతుందా, పెరగదా?

విద్యార్థి తండ్రి: కనీసం వద్దన్నవాళ్లకి ఆ లైన్ తీసేయొచ్చు కదండీ?

బూస్టర్: అలాగైతే నేను లైబ్రరీకెళ్లను, నా ఫీజులో అది తీసేయాల్సింది! అలా కుదరదు సర్. టీమ్ ఉండాలి, అంతే.

మోడరేటర్: అన్నగారి మాటలో పాయింట్ ఉంది. టైమ్ అయిపోయింది, మేడమ్, పది సెకన్లు.

ప్రొఫెసర్: ఆ లోటు ఎంతో ముందు ప్రతి స్టూడెంట్‌కీ బిల్లులో...

బూస్టర్: లోటు లోటు అనకండి మేడమ్! శనివారం మూడున్నరకి కిక్కాఫ్, అందరూ రండి.

మోడరేటర్: బిర్యానీ ఉంటుందా అన్నా?

బూస్టర్: ఉంటుంది. పార్కింగ్ కావాలంటే మాత్రం పొద్దున్నే రావాలి.